శుక్రవారం గడప దాటని పేడ

పల్నాడు వెళ్లొచ్చానంటే మా అమలాపురంలో అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. కోటప్పకొండ ఎక్కావా, ఎత్తిపోతల చూశావా, సాగర్ గేట్లు ఎత్తారా అని. అవేవీ చూడలేదు, పేడ చూసి వచ్చానంటే నవ్వుతున్నారు. "దానికోసం అంత దూరమెందుకండీ, మా దొడ్లోకొస్తే కావలసినంత చూపించేదాన్ని కదా" అని ఎదురింటి సత్యవతిగారు చురక వేశారు. నవ్వుకోనీండి. నేను వెళ్లింది ధనం కోసం.

మా నాన్న నరసరావుపేటలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ధనం, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం. చదువు అవగానే దాన్ని బొల్లాపల్లి అవతలి ఊళ్లో రైతుల ఇంటికి కోడలిగా పంపారు. ఆ ఇంటి పెరట్లో గోబర్ గ్యాసు ఉండేది. బావిలాంటి గుంత, అందులో పేడ నీళ్లు, వాటి మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము. లోపల గ్యాసు ఊరేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వంట చేసేకొద్దీ దిగుతుంది. నేను సెలవుల్లో వెళ్లినప్పుడల్లా ఇద్దరం డ్రమ్మెక్కి కూర్చుని రేగుపళ్లు తినేవాళ్లం. మా బరువుకు గ్యాసు తన్నుకెళ్లి వంటింట్లో మంట ఎగిసేది. వాళ్లత్తగారు లోపల్నుంచి కేకేసేది, మామగారు కర్ర పట్టుకుని బయటి నుంచి వచ్చేవాడు. ఆయన కర్రతో కొట్టింది ఎప్పుడూ లేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు పెరట్లోకి తీసుకెళ్లి, డ్రమ్ము మీద చెయ్యేసి, కన్నబిడ్డను చూపించినట్టు చూపించేవాడు.

ఆయన పోయాక గొడ్లు తగ్గాయి, సిలిండర్ వచ్చింది, డ్రమ్ము తుప్పు పట్టింది. ఈమధ్య ధనం పట్టుబట్టి దానికి అతుకులు వేయించి, రంగు కొట్టించి మళ్లీ నడిపిస్తోంది. ఇంటి ముందు చిన్న టిఫిన్ కొట్టు పెట్టుకుని ఆ మంట మీదే ఇడ్లీ, దోసె వేస్తోంది. ఆ సంతోషం ఫోన్లో వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. అలాంటిది పోయిన నెలలో ఒకరోజు దాని గొంతు అదోలా వినిపించింది.

"ఏమే రాజ్యం, మా డ్రమ్ముని ఆదివారం పూడ్చేస్తారంట. మా బావ జేసీబీకి చెప్పాడు. పొయ్యి ఎలుగుతుండగా ఒక్కసారి వచ్చి చూసిపోవే."

ఎందుకని అడిగితే "వచ్చినాక చెప్తాలే" అని పెట్టేసింది. ఇంక ఇంట్లో నిలవబుద్ధి కాలేదు.

నరసరావుపేట

స్టేషన్ రోడ్డులో దిగేసరికి పొద్దెక్కింది. ముందు మేం అద్దెకున్న ఇల్లు చూద్దామని వెళ్లాను. ఇల్లు లేదు. అక్కడ నాలుగంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల షాపు. మా అమ్మ తులసికోట ఉన్న చోట ఓ కుర్రాడు చార్జర్లు అమ్ముతున్నాడు. కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ కుర్రాడు "ఏంది మేడం, టెంపర్ గ్లాసా?" అన్నాడు. అవునని ఒకటి వేయించుకున్నాను. మా అమ్మ తులసికి నీళ్లు పోసిన చోట వట్టిచేతులతో తిరిగి రావడం నాకు నచ్చలేదు.

సందు చివర టిఫిన్ బండి దగ్గర ఒకావిడ "ఏంది కావాలి?" అంది మొహం ఎత్తకుండానే. గోదావరి జిల్లాలో అండీ తగలకపోతే నీళ్లు కూడా ఇవ్వరు. అన్నేళ్లు అక్కడ బతికిన నాకు ఆ మాట మొదట చెంపదెబ్బలా తగిలింది, మరుక్షణమే ఇంటికొచ్చినట్టనిపించింది. ఇక్కడ ఏంది అంటే కోపం కాదు, పలకరింపు. ముప్పై రూపాయలకు నాలుగిడ్లీలు, పైన ఎర్రకారం, ఆ పైన నెయ్యి. మొదటి ముద్దకే కళ్లమ్మట నీళ్లు కారాయి. "ఎక్కడినించి వచ్చారు?" అంది. కోనసీమ అన్నాను. "అదీ సంగతి. ఆడ కారంలో కూడా బెల్లం ఏస్తారుగా" అని ఇంకాస్త పల్లీ చట్నీ పోసింది. నేను ఇక్కడే పెరిగానని చెబితే నమ్మలేదు. నమ్మేట్టుగా తినలేకపోయాను మరి.

శావల్యాపురం

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. శావల్యాపురం దగ్గర ఇంజను వేడెక్కిందని డ్రైవరు ఆపేశాడు. అందరం టీ కొట్టు చేరాం. రోడ్డు పక్కనే పెద్ద పెంటదిబ్బ, దాని ముందు సగం నిండిన ట్రాక్టరు ట్రక్కు. తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన పార మీద గడ్డం ఆనించి టీ తాగుతున్నాడు. దిబ్బను తవ్విన చోట పొగలాగా ఆవిరి లేస్తోంది.

"కాలుతోందా పెద్దాయనా?" అన్నాను.

"కాలట్లేదమ్మా, మగ్గుతోంది. చెయ్యి పెడితే చుర్రుమంటది. మిరప తోటకి తోలుతున్నా. ఈ రోజుల్లో పేడ దొరకటం పెళ్లికొడుకు దొరికినంత పనైంది."

గోబర్ గ్యాసు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

"మా ఊళ్లో ఒకప్పుడు ఈధికొకటి ఉండేది. ఇప్పుడా గుంటల్లో కప్పలుంటన్నయ్."

"ఎందుకు పోయాయి?"

"సిలిండర్లు వచ్చినయ్. గొడ్లు పోయినయ్. అన్నిటికంటే పొద్దున్నే పేడలో చెయ్యి పెట్టే ఓపిక పోయింది. ఇప్పుడు దిబ్బేసి మర్చిపోతాం. ఏడాదికోసారి తవ్వుతాం. నడిమధ్య ఊరిన గ్యాసంతా గాల్లో కలిసిపోద్ది, ఇంట్లో మాత్రం సిలిండర్ అయిపోయిందని ఆడోళ్లు అరుస్తుంటారు."

ఆయన మాటలు వింటూ ఒకడుగు ముందుకేశాను. ఎండిన పైపొర కింద పచ్చి పేడ ఉందని నాకేం తెలుసు? చెప్పు దిగబడింది, చీర కుచ్చిళ్లు దిగబడ్డాయి. బస్సులోవాళ్లంతా నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వకుండా తన సీసాలో నీళ్లు నా పాదాల మీద పోశాడు. "లక్ష్మి తగిలిందిలే, మంచిదే" అన్నాడు. కొత్త చీర కాబట్టి లక్ష్మి మీద కొంచెం కోపం వచ్చింది. బస్సు బయల్దేరాక నా పక్క సీటు నేను దిగేదాకా ఖాళీగానే ఉంది.

బొల్లాపల్లి దాటాక

వినుకొండ దాటితే నేల రంగు మారుతుంది. మా వైపు ఏ గట్టు మీద నిలబడినా నీళ్లు కనిపిస్తాయి. ఇక్కడ ఎర్రమట్టి, రాళ్లు, కంది, మిరప, దూరంగా కొండలు. సెలవుల్లో వచ్చినప్పుడు ఈ దారిలో ఎడ్లబండి మీద వెళ్లేదాన్ని. బండివాడు పాట పాడుతుంటే నిద్రపోయి, ధనం వాళ్ల వాకిట్లో లేచేదాన్ని. ఈసారి ఆటోవాడు స్పీకరు పెట్టి నిద్రపోనివ్వలేదు.

ధనం వాకిట్లోనే ఉంది. ఇద్దరం లావయ్యాం, ఇద్దరికీ జుట్టు నెరిసింది. అయినా వాటేసుకున్నప్పుడు అదే కొబ్బరినూనె వాసన. "ఏమే, పేడ తొక్కొచ్చావా?" అంది మొదటి మాటగా. దాని ముక్కుకు దండం పెట్టాలి.

కాళ్లు కడుక్కున్నాక నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. ఆకుపచ్చ రంగు కొత్తగా మెరుస్తోంది గానీ డ్రమ్ము బాగా కిందికి దిగిపోయి ఉంది. గుంత అంచు మీద కొంచెమే కనిపిస్తోంది. మేం ఎక్కడానికి గోడ పట్టుకుని పాకిన డ్రమ్మేనా ఇది అనిపించి మనసు చివుక్కుమంది.

ధనం అన్నీ చూపించింది. ఒక పక్క తొట్టిలో పేడ, నీళ్లు సమంగా కలిపి పోస్తుంది. గ్యాసు పైపులో వంటింటికి పోతుంది. గ్యాసు ఇచ్చేసిన పేడ నీళ్లు రెండో పక్క నుంచి బయటికొస్తాయి. వాటిని స్లర్రీ అంటున్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన లేదు, ఈగ లేదు. అదంతా వాళ్ల మిరప తోటకే.

"వ్యవసాయం ఆఫీసులో ఓ రోజు ట్రైనింగ్ ఇచ్చారే. దిబ్బలో మగ్గితే వచ్చే గ్యాసు పేరు మీథేనంట. అది పైకి పోయి ఎండలు పెంచుద్దంట. మన పల్నాడుకి ఇంకా ఎండలు కావాలంటావా? అదే పొయ్యిలో మండిస్తే ఆ బాధ చానా మటుకు తగ్గుద్దంట. ఇడ్లీ ఉడికినట్టూ ఉంటది, ఎండ తగ్గించినట్టూ ఉంటది అనుకున్నా."

"మరి డ్రమ్మెందుకు దిగిపోయింది?"

"పేడ లేక."

ధనానికున్నది ఒక్క గేదె. దాని పేడ ఏ మూలకూ చాలదు. అందుకని రోజూ పొద్దున్నే గంప పట్టుకుని నాలుగిళ్లు తిరిగి పేడ తెచ్చుకునేది. ఎక్కువ వచ్చేది పక్కింటి నుంచి. పక్కిల్లంటే పరాయిల్లు కాదు, ధనం బావగారు కోటేశ్వరరావుది. ఆయన భార్య అంకమ్మ ధనానికి తోడికోడలు. కొట్టం నిండా గేదెలు వాళ్లవే. ఇప్పుడు అంకమ్మ పేడ ఇవ్వనంటోంది. ఆమె ఆపిందని మిగతా ఇళ్లవాళ్లూ ఆపేశారు. పేడ రాని డ్రమ్ము ఉత్తగా జాగా తింటోందని, దాన్ని పూడ్చి అక్కడ మిరపకాయలు ఎండేసుకోడానికి సిమెంటు కళ్లం పోయించాలని కోటేశ్వరరావు పట్టుదల. ఉమ్మడి పెరడు కాబట్టి కాదనడానికి లేదు. ధనం భర్త క్వారీ రాళ్ల లారీ తీసుకుని ఎక్కడో ఉన్నాడు. ఫోన్ చేస్తే "మీ తోడికోడళ్లు తేల్చుకోండి" అన్నాడట.

మధ్యాహ్నం పండుమిరపకాయ పచ్చడి, గోంగూర పప్పు, నెయ్యి. అన్నం సిలిండరు మీద వండింది. నా కోసం టీ మాత్రం గోబర్ గ్యాసు పొయ్యి మీద పెట్టింది. నీలం మంట పొట్టిగా, వణుకుతూ వెలిగింది. "దీని మీద కళ్లు మండకుండా, ఊదుగొట్టం లేకుండా కొట్టు నడుపుకున్నానే. పైగా ఇది నేను నిలబెట్టింది. మా మామ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలా" అంది. టీ తాగుతుంటే ఆ పెద్దాయన కర్ర, వాళ్లత్త కేక, రేగుపళ్ల పులుపు అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి. నేను కూడా ఏడ్చాను. ఏడ్చి ఊరుకునే రకాన్ని కాదు గనక అంకమ్మతో మాట్లాడతానని లేచాను.

అంకమ్మ వసారా

అంకమ్మ మొహం చాటు చేసే మనిషి కాదు. "రా రాజ్యం, కూర్చో" అని కుర్చీ వేసి, చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది. కోటేశ్వరరావు మంచం మీద ఫోన్లో పంచాయితీ రాజకీయం మాట్లాడుతూ చేత్తోనే పలకరించాడు.

"మజ్జిగ ఇంకో చెంబైనా ఇస్తా. పేడ సంగతి మాత్రం అడగమాక" అంది అంకమ్మ నేను నోరు తెరవకముందే.

"అసలేం జరిగింది వదినా?"

"నేను పుట్టింటికి పోయిన రోజు మా పనిమనిషి చూసుకోకుండా ధనం గంపలోకి పేడ ఎత్తింది. శుక్రవారం. శుక్రవారం పేడ గడప దాటిస్తారా ఎవరన్నా? తెల్లారి మా ముర్రా గేదె పాలు చేపలా. దూడను ఇడిచినా చేపలా. ఇప్పటిదాకా పాలు తగ్గినయ్యి తగ్గినట్టే."

"మేత మారిందేమో. ఎండ తగిలిందేమో."

"మేత మారలా, మనిషి మారలా. మారింది శుక్రవారమే."

నవ్వుదామంటే నవ్వు రాలేదు. మా అమ్మ శుక్రవారం నాడు పక్కింటికి పెరుగు తోడు కూడా ఇచ్చేది కాదు. ఇప్పుడు నేనూ ఇవ్వను.

"సరే, శుక్రవారం వద్దు. మిగతా రోజులు ఇవ్వచ్చు కదా?"

అంకమ్మ మజ్జిగ కవ్వం కడుగుతూ ఆగింది. "రోజూ ఖాళీ గంపతో వచ్చుద్ది, నిండు గంపతో పోద్ది. నా కొట్టం నించి లక్ష్మి పోవటమే గానీ రావటం ఏ రోజన్నా ఉందా? ఇన్నాళ్లు నోరు మూసుకున్నా. గేదె చేపకపోయేసరికి నా మనసు ఇరిగింది."

కోటేశ్వరరావు ఫోన్ పక్కన పెట్టి, "ఆడోళ్ల గొడవెందుకమ్మా. ఆదివారం మిషన్ వచ్చిద్ది, గంటలో పూడ్చుద్ది. పైన కళ్లం పోస్తే ఇద్దరూ కాయలు ఎండేసుకోవచ్చు. రాజీ అయిపోద్ది" అన్నాడు. రాజీ అనే మాటను అంత నిమ్మళంగా ఎవరూ అనగా వినలేదు నేను.

తిరిగొచ్చి విన్నదంతా ఒక్క మాట దాచకుండా ధనానికి చెప్పాను. అది కోప్పడుతుందనుకున్నాను. గోంగూర కట్ట ముందేసుకుని ఒలుస్తూ కూర్చుంది.

"నిజమేనే" అంది చివరికి. "స్లర్రీ చెంచాడు కూడా ఎవరికీ ఇయ్యలా. అంతా మా మిరపకే పోశా. ఇది మళ్లీ ఎరువేనని నాకు తెలుసుగా. వాళ్లకెందుకు తెలియనియ్యలా నేను?"

శుక్రవారం

నేను లేచేసరికి ధనం తలంటుకుని, జుట్టు ముడేసుకుని, పెరట్లో స్టీలు బకెట్ తోముతోంది. దాని నిండా స్లర్రీ ముంచింది. బకెట్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇవాళ పోతావా? శుక్రవారం పూట వాకిట్లో కనిపిస్తే చీపురు తీసుకుంటుందేమో మీ అక్క" అన్నాను.

"అడగటానికి పోతే గదా. ఇచ్చి రావటానికి పోతన్నా."

వెనకాలే వెళ్లాను. అంకమ్మ వాకిట్లో ముగ్గు పూర్తి చేస్తోంది. ధనం బకెట్‌ను గడప లోపలగా దించింది.

"అక్కా, నీ కనకాంబరాల మడి పసుపు తిరిగింది. మొక్కల మొదట్లో కాసిని కాసిని పొయ్. నీ గేదెల పేడే, గ్యాసు తీసి తెచ్చా. ముందే తేవాల్సింది, తేలా. అది నా తప్పు."

అంకమ్మ బకెట్ మీద కుంకుమ వైపు చూసింది, మా ఇద్దరి వైపు చూసింది. శుక్రవారం పొద్దున్నే బొట్టు పెట్టుకుని ఇంట్లోకి వచ్చినదాన్ని వద్దని ఏ ఆడది అంటుంది? అలాగని రమ్మనీ అనలేదు. ముగ్గు డబ్బా మూసి లోపలికి వెళ్లిపోయింది. మేం వట్టి చేతులతో వెనక్కి వచ్చేశాం.

కొట్టు దగ్గర అప్పటికే జనం. తాపీ మేస్త్రీలు, ట్రాక్టరు డ్రైవర్లు. ధనం పొయ్యి వెలిగించింది. మొదటి వాయి ఇడ్లీ దిగింది. రెండో వాయి సగంలో ఉండగా మంట టపటపమని రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఎవరూ గమనించలేదు. ధనం ఇడ్లీ పాత్రను పక్కనున్న సిలిండరు పొయ్యి మీదికి మార్చి, పెరట్లోకి వెళ్లింది. నేను వెళ్లి చూస్తే డ్రమ్ము అడుగంటింది. ధనం గుంత గట్టు మీద కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇంత దూరం వచ్చి దీని పొయ్యి ఆరిపోవడం చూడాల్సి వచ్చిందే అనిపించింది.

అప్పుడు పెరటి తలుపు చప్పుడైంది. అంకమ్మ. ఒక చేతిలో ధనం బకెట్. నెత్తిన పెద్ద ప్లాస్టిక్ బేసిన్. రెండింటి నిండా పచ్చి పేడ.

బకెట్ దించి తొట్టి పక్కన పెట్టింది. బేసిన్ దించడానికి నేను చెయ్యి వేశాను. ధనం లేవడం కూడా మర్చిపోయింది.

పిట్టగోడ అవతల వేపపుల్ల నములుతున్న కోటేశ్వరరావు చూశాడు. "ఏందే అది? ఇయ్యాల శుక్రవారం కాదూ?"

"నేనేమన్నా ఇచ్చానా?" అంది అంకమ్మ. "ధనం బకెట్ ధనానికి తెచ్చిచ్చా. కుంకం పెట్టి నిండుగా తెచ్చింది, ఉత్త బకెట్ పంపమంటావా? మీ అమ్మ నాకట్టా నేర్పిందా?"

"మరి నెత్తినదో?"

"బకెట్‌లో పట్టలా."

పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే కడిగి వట్టిది పంపకపోవడం మా కోనసీమలోనూ ఉంది. కాస్త పంచదారో, రెండు అరటిపళ్లో వేసి పంపుతాం. శుక్రవారం పట్టింపు ఎంత పాతదో ఇదీ అంత పాతదే. ఈ రెండింట్లో ఏది గెలుస్తుందో అంకమ్మ తన కొట్టంలో నిలబడి ఒక్కతే తేల్చుకుని వచ్చింది.

కోటేశ్వరరావు నోట్లో పుల్ల తీసి, "ఆదివారం మిషన్‌కి మాటిచ్చా" అన్నాడు.

"పొలం గట్టుకి తోలుకో. ఈడ నా బేసిన్ పెట్టి పోతన్నా. దాని మీద మట్టి పోయిస్తావా?"

ఆయన మా ముగ్గురినీ చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, కాస్త అవతలికి జరిగి, "తమ్ముడూ, ఆదివారం ఇంటి కాడికి కాదు, పొలం కాడికి రా" అనడం వినిపించింది.

ధనం అప్పుడు లేచింది. ఏడుస్తూనే చేతులు మోచేతి దాకా పెట్టి పేడ కలపడం మొదలుపెట్టింది. నేను నీళ్లు పోశాను. బేసిన్ ఖాళీ చేసి, కడిగి, అంకమ్మకు ఇవ్వబోయాను.

అంకమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. గడప దాకా వెళ్లి ఆగి, ధనంతో అంది.

"అదిప్పుడొద్దులే. రేపొచ్చేటప్పుడు నువ్వే తీసుకురా."